బుడగలో పట్టిన హాలు

స్టూడియో మెట్ల దగ్గర ఒక చెప్పు విడిచి, రెండోది విడవబోతూ ఆగిపోయిన చప్పుళ్ళమ్మను పోయిన వారం అక్కడే వదిలేసి వచ్చాం. ఇంకా అలాగే నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, చెయ్యి గోడకు ఆనించి. లోపలి నుంచి వస్తున్న చప్పుడు అలాంటిది మరి.

ఎవరో మగమనిషి ఏదో మాట అంటున్నాడు. మాట అయిపోయాక కూడా దాని తోక తిరుగుతూనే ఉంది. ఎత్తు కప్పుకు తగిలి, రాతి నేల మీద పడి, చివరి గోడ దాకా పోయి, తొందరేమీ లేకుండా వెనక్కి వస్తోంది. స్టూడియోలో అలా మోగే గది ఒక్కటీ లేదు. అన్ని గోడలకూ స్పాంజి అంటించి చప్పుడును చంపి పెట్టారు. ఆ మోత మూతపడిన నూలు మిల్లుది. అందులో అనుమానం లేదు. సొంత వంటింట్లో గిన్నె మీద మూత పడితే ఏ గిన్నెదో చెప్పగలిగే మనిషికి, ఇది చెప్పడం ఒక లెక్కా?

ఆమెను చప్పుళ్ళమ్మ అనడం వెటకారానికే మొదలైంది. బాబాయి స్టూడియోలో సినిమాలకూ నాటకాలకూ చప్పుళ్ళు చేసేది ఆమే. పాత టేపు పోగేసి నలిపితే ఎండుగడ్డి మీద నడక, తడిగుడ్డ బల్లకేసి కొడితే గట్టున పడ్డ చేప. పెద్దమనుషుల్లో ఆ పేరుతో పిలిచినా ఇప్పుడు తల తిప్పుతుంది.

మిల్లు సంగతి వేరు. ఆమె మేనత్త వయసంతా ఆ మిల్లులోనే నూలు వడికింది. ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కే సందులో యంత్రాలు కాసేపు ఆగేవి. ఆగీ ఆగగానే ఆడవాళ్ళు గొంతెత్తేవారు. ఆ హాల్లో ఒక్క గొంతు పది గొంతులవుతుంది. మిల్లు పోయింది గానీ పాట పోలేదు. అత్త ఇంటి ముందుగదిలో, చెయ్యెత్తితే తగిలే కప్పు కింద, మంచాల మధ్య ఇరుక్కుని కూర్చుని ఇప్పటికీ పాడుకుంటారు. కాకపోతే ఆ గదిలో పాట నోట్లోంచి వచ్చి ఒళ్ళోనే పడుతుంది.

వానలు వెనకబట్టాక హాలు పడగొడతారని తెలిసినప్పుడు చప్పుళ్ళమ్మ అత్తను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ మోతను పట్టి తెచ్చింది. పట్టడమంటే పెద్ద తంతేమీ కాదు. మైకు ఒకచోట నిలబెట్టి, రబ్బరు బుడగ బాగా ఊది, సూదితో పొడిచింది. ఆ ఒక్క పేలుడూ ప్రతి గోడకూ, ప్రతి స్తంభానికీ తగిలి ఎలా తిరిగొచ్చిందో అంతా రికార్డయింది. మనిషికి వేలిముద్ర ఎలాగో హాలుకు అది అలాగ. దాన్ని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఏ గొంతునైనా తీసుకుపోయి ఆ హాల్లో నిలబెట్టినట్టు చేసి పెడుతుంది. ఆ పనివాళ్ళు దాన్ని రివర్బ్ అంటారు. అత్త మాత్రం "హాలుకు అచ్చు తీయడం" అంది, అదే బాగుంది.

"బుడగ పగిలాక నేను చెప్పేదాకా ఊపిరి కూడా తీయకు అత్తా" అని ముందే గట్టిగా చెప్పింది. అత్త నిజంగానే తీయలేదు. కానీ అవి యంత్రాల రొదలో నలిగిన చెవులు. సన్నచప్పుళ్ళు వాటికి అందవు. మోత ఇంకా కప్పు కింద పాకుతుండగానే ఆమెకు మటుకు అంతా అయిపోయింది. "అయిందా?" అనేసింది. రెండో బుడగ ఊదబోతుంటే తుపాకీ పేలిందనుకుని కాపలావాడు కర్ర పట్టుకుని ఊడిపడ్డాడు. ఇద్దరినీ గేటు బయటికి పంపిందాకా వదల్లేదు. చేతికి దొరికింది ఆ ఒక్క పేలుడే.

దాంతోనే సరిపెట్టుకుంది. ఇంట్లో తన పాత లాప్‌టాప్‌లో, ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్‌తో, ముందున్న ఖాళీని కత్తిరించింది. అత్త మాటకు ముందే మోతను మెల్లగా దించేసింది. ఆడవాళ్ళ చేత ముందుగదిలోనే పాడించి, ఆ పాటకు హాలును తొడిగింది. హెడ్‌ఫోన్ చెవికి పెట్టిన రోజు అత్త కాసేపు విని, లేచి నిలబడి, తల పైకెత్తి చూసింది. కప్పు కోసం.

అదీ జరిగిన కథ. ఆ హాలును చప్పుళ్ళమ్మ నెట్టులో పెట్టేసింది, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండని. ఈ పొద్దు బాబాయి నుంచి కబురొచ్చింది, పెద్ద సినిమావాళ్ళొచ్చారు రమ్మని. అత్త కూడా బయల్దేరింది. వీధి చివర టీకొట్టు దగ్గరికి వచ్చాక, "నువ్వు పదవే, నా మోకాళ్ళతో నేను మెల్లగా వస్తా" అని ఆగిపోయింది.

చప్పుళ్ళమ్మ గోడ మీద నుంచి చెయ్యి తీసింది. విడిచిన చెప్పును కాలితో దగ్గరికి లాక్కుని మళ్ళీ తొడుక్కుంది.

స్టూడియోలో చెప్పులతో అడుగుపెట్టడం నిషేధం. ఒక్క ఇసుక రేణువు కింద పడి నలిగినా మైకు పట్టేస్తుంది. ఆ నియమం పెట్టింది బాబాయి. దాన్ని అందరికంటే ఎక్కువగా పాటించింది ఆమె. ఈ పూట మాత్రం చెప్పులు టపటపలాడించుకుంటూ వరండా దాటి, మిక్సింగ్ గది తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"చెప్పులు" అన్నాడు బాబాయి. పలకరింపు కంటే ముందు అదే వచ్చింది ఆయన నోటికి.

"ఉన్నాయి" అంది.

బాబాయి చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. అది పెట్టుకున్నాడంటే గదిలో ఎవరో పెద్దవాళ్ళున్నారని గుర్తు. ఆయన నడుముకు ఎప్పటిలాగే తాళాల గుత్తి ఉంది. స్టూడియో తాళాలతో పాటు అద్దెకు తెచ్చిన సాఫ్ట్‌వేర్ తాళం కూడా దానికే కట్టుకుంటాడు. అది గుచ్చితే గానీ స్టూడియో కంప్యూటరు ఏ పనీ చేయదు. ఆయన బజారుకు పోతే పని ఆగిపోతుంది. ఆయనకు జ్వరమొస్తే నాటకంలో వాన కురవదు. అందుకే చప్పుళ్ళమ్మ ఇంట్లో ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది.

స్పీకర్ల ఎదురుగా కుర్చీలో ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. గదిలోపల కూడా నెత్తిన టోపీ. సినిమావాళ్ళ తరఫున చప్పుళ్ళన్నీ చూసుకునే మనిషి. ఆమె వచ్చిన అలికిడికి ఒక కన్ను తెరిచి, చెప్పుల వంక చూసి, మళ్ళీ మూశాడు.

"మా అన్న కూతురండీ" అన్నాడు బాబాయి. "చప్పుళ్ళు చేస్తుంది. నా చేతికింద పెరిగిన పిల్లే. ఆ హాలును నేను పట్టిన రోజు మైకు మోసింది కూడా ఇదే."

అబద్ధం చెప్పేటప్పుడు బాబాయి ముక్కు పక్కన గోక్కుంటాడు. ఇప్పుడు గోక్కోలేదు. అంటే ఈ మాట అప్పటికే ఒకటికి రెండుసార్లు చెప్పి అలవాటు చేసుకున్నాడన్నమాట.

"మోత చాలా బాగుందమ్మా" అన్నాడు టోపీ ఆయన. ఈసారి రెండు కళ్ళూ తెరిచాడు. "ఇన్నేళ్ళలో నేను ఇలాంటిది వినలేదు. ఒక్కటే నాకు అంతుబట్టడం లేదు. గొంతు వెనకాల ఇంకేదో ఉంది. మూలుగులాగా. ఎవరో నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు."

"అదేనండీ ఆ హాలు ప్రాణం" అందుకున్నాడు బాబాయి. "ఎంతమంది చెమటోడ్చిన చోటు. గోడలకు పట్టుకుంటుంది మరి. అలాంటివి కొంటే రావు."

చప్పుళ్ళమ్మ పెదవి లోపలి నుంచి కొరుక్కుంది. మూలుగు. ఆమె నెట్టులో పెట్టిన దానిలో మూలుగు లేదు. ఉండకుండా తీసేసింది. ఉన్నది ఒకే ఒక్క చోట, కత్తిరించని మొదటి రికార్డులో. పెద్ద స్పీకర్లలో ఎలా ఉందో విందామని ఒక రోజు మెమరీ కార్డు తెచ్చి ఈ గది కంప్యూటరుకే పెట్టింది. కార్డు తీసుకెళ్ళింది గానీ కాపీ ఇక్కడ ఉండిపోయిందని అప్పుడు తట్టలేదు.

"సంగతేమిటంటే" అన్నాడు టోపీ ఆయన, "ఇలాంటిదే నెట్టులో ఊరికే దొరుకుతోందని మావాళ్ళు చెప్పారు. ఇంత నిండుగా లేదు, కొంచెం పొట్టిది. కానీ అదే హాలు. మా సినిమాలో తప్ప ఇంకెక్కడా ఆ మోత వినపడకూడదన్నది మా నిర్మాత పట్టుదల. ఎవరిదో తేలకపోతే నేను ముందుకు పోలేను."

"తేలిపోయింది కదండీ. ఆ పెట్టింది ఇదే. పిల్లచేష్ట. తీసేస్తుంది." బాబాయి ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. ఇంట్లో వాడే గొంతు అది. "ఇదిగో అమ్మాయ్. ఇవాళే తీసెయ్. ఆ ఆడవాళ్ళ పాటల్లోంచి కూడా తీసెయ్. వాళ్ళకు ఇంకో హాలేదో తొడుగు, వాళ్ళకేం తెలుస్తుంది. తెర మీద నీ పేరు వేయిస్తాను, సరేనా? రేపటి నుంచి ఈ కుర్చీ కూడా నీదే."

కుర్చీ వంక చూసింది ఆమె. మంచి కుర్చీ. చిన్నప్పటి నుంచి దాని వెనకాల నిలబడి పని చూసి నేర్చుకుంది. ఎన్నోసార్లు ఆయన లేనప్పుడు కూర్చుని చూసింది కూడా.

"తీయను" అంది.

"ఏమిటి?"

"తీయను బాబాయ్. నెట్టులోంచీ తీయను, పాటల్లోంచీ తీయను."

టోపీ ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. ఇంటి గొడవ వాసన తగిలిన పరాయివాడు చేసే పనే అది.

"చూడమ్మాయ్, ఊరికే పంచిపెడితే ఎవడూ మర్యాద చేయడు" అన్నాడు బాబాయి, ఇంకా నవ్వుతూనే. "ఊరికే వచ్చినదానికి విలువుండదు."

"మరి నువ్వు ఊరికే ఎందుకు తీసుకున్నావు?"

బాబాయి నవ్వు అలాగే ఉండిపోయింది, దించడం మర్చిపోయినట్టు.

"నా కంప్యూటరులో ఉన్నది నాది. నీకు మైకు పట్టడం నేర్పింది నేను. అడుగు చప్పుడుకూ అలికిడికీ తేడా చెప్పింది నేను. నువ్వు చేసిందంతా నా దగ్గర నేర్చుకున్న పనేగా? చెట్టు నాదయితే కాయ నాది కాదా?"

"నువ్వు నేర్పావు. కాదనను" అంది. ఆమెకు గొంతు పెంచడం రాదు. కోపమొస్తే మాట ఇంకా తగ్గుతుంది. "నీ తాళం నడుముకు కట్టుకుని నువ్వు పెళ్ళిళ్ళకు పోతే, మిగతాది వేరేవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ రాసిందెవరో నాకు తెలియదు. వాళ్ళకూ నేనెవరో తెలియదు. ఎవరి కూతురివి, ఎవరి దగ్గర పనిచేస్తావు అని అడగలేదు. వాడుకో అన్నారు. బాగుంటే నలుగురికీ ఇవ్వు అన్నారు. అర్థం కానిచోట ఎక్కడెక్కడి వాళ్ళో ఓపిగ్గా చెప్పారు. వాళ్ళ పనిముట్టుతో హాలును పట్టి, దానికి నేను తాళం వేయనా? ఏ మొహం పెట్టుకుని వేయను?"

"వాళ్ళెవరో బతకనేర్చినవాళ్ళు కాదు. నువ్వూ అంతే. ఈ స్టూడియో గోడలు చూశావా? స్పాంజి రాలిపోతోంది. ఈ సినిమా వస్తే నిలబడతాం. లేకపోతే నేనూ లేను, నువ్వూ లేవు. అది ఆలోచించు."

ఈ మాట మాత్రం అబద్ధం కాదు. చప్పుళ్ళమ్మకు తెలుసు. గోడ మూలల్లో రాలిన పొడిని పొద్దున్నే ఊడ్చేది తనే. తర్వాత టోపీ ఆయన వైపు తిరిగింది.

"మీరు ఇంతసేపూ దీనికి మాటలే ఇచ్చి విన్నారా అండీ?"

"మాటలు, కొంచెం సంగీతం. ఏం?"

"పొడిచప్పుడు ఒక్కటి ఇచ్చి వినండి. చిటిక లాంటిది. అప్పుడు ఆ మూలుగు ఏమిటో తేలిపోతుంది."

"దేనికిప్పుడు అవన్నీ" అన్నాడు బాబాయి. ఈసారి ముక్కు పక్కన గోక్కున్నాడు.

"విందాం" అన్నాడు టోపీ ఆయన. "ఎలాగూ నేనది చేయాల్సిందే."

చప్పుళ్ళమ్మ పక్కనున్న చిన్న గదిలోకి పోయింది. చప్పుళ్ళు చేసే సామానంతా అక్కడే. చెక్కపలకలు రెండు తీసుకుంది, మైకు ముందు నిలబడి ఒక్కసారి టక్కున కొట్టింది. ఆ గదిలో ఆ చప్పుడు పుట్టినచోటే చచ్చింది. తిరిగొచ్చి దానికి బాబాయి దాచుకున్న హాలును తొడిగింది. అది కూడా ఆయన తాళంతోనే, ఆయన కంప్యూటరులోనే. బాబాయి వద్దనలేదు. వద్దంటే ఎందుకు వద్దన్నావని అడుగుతారు.

మీట నొక్కింది.

టక్కుమంది. హాలు లేచింది. రాతి నేల, ఇనప స్తంభాలు, ఎత్తు కప్పు, అన్నీ చీకట్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చినట్టు మోత గదంతా నిండింది. మెల్లగా దిగుతోంది. టోపీ ఆయన తల కొంచెం వంచాడు. మోత సన్నబడి, దారమై, ఇక తెగుతుందనగా, ఆ వెనక నుంచి, ఆరుబయట నిలబడి అడిగినంత స్పష్టంగా,

"అయిందా?"



మాటలకు తొడిగినప్పుడు ఒక్కో అక్షరం వెనకా ఆ "అయిందా" ఒకదాని మీద ఒకటి పడి మూలుగైపోయింది. ఒక్క టక్కు వెనక ఒక్కసారే వచ్చేసరికి మాటగా మిగిలింది.

అందరికంటే ముందు ఆ గొంతును గుర్తుపట్టింది బాబాయే. ఆయన మొహంలో అది కనపడింది. తల్లి లేని పిల్లవాణ్ణి ఆ గొంతే పెంచింది. పళ్ళెం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుని ఆడుకుంటుంటే అయిందా అనేది. పలకమీద రాస్తూ కిటికీలోంచి బయటికి చూస్తుంటే అయిందా అనేది. ఇంత వయసొచ్చాక, ఎవరో టోపీ మనిషి ముందు, తను కొనిపెట్టిన స్పీకర్లలోంచి అదే గొంతు, అదే అడుగుడు.

"ఎవరే అది, అచ్చం నాలాగే మాట్లాడుతోంది?"

గుమ్మంలో అత్త. మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పుతోంది. ఆమె చెప్పులు మాత్రం మెట్ల దగ్గరే ఉన్నాయి. మర్యాదగల మనిషి.

టోపీ ఆయనకు నవ్వాగలేదు. నిశ్శబ్దంగా భుజాలు ఊగిపోయేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "హాలు ప్రాణం మీరేనామ్మా?"

"నేనా? నేను దాని అక్కను" అంది అత్త, బాబాయిని చూపించి. "ఏరా, ఏం చేశావు? నీ మొహం చూస్తే బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టినప్పటిలా ఉంది."

"అక్కా, నీకు ఇందులో తెలియదు. కూర్చో."

"కూర్చోలేనురా, కూర్చుంటే లేవలేను. చెప్పు, నిలబడే వింటా."

చప్పుళ్ళమ్మే చెప్పింది. నాలుగు మాటల్లో, కొంచెం గట్టిగా, అత్త చెవికి అందేలా. అత్త అంతా విని, తల ఊపి, తమ్ముడి చొక్కా పై గుండీ వంక చూసింది.

"మేం పాడుకునే చోట మమ్మల్నే పాడొద్దంటావా? వయసంతా గొడ్డుల్లా పనిచేస్తే మాకు ఆ మిల్లువాడు మిగిల్చింది చెవుడు. మా పిల్ల ఆ హాలును మళ్ళీ తెచ్చి మా చెవుల్లో పెట్టింది. అది కూడా నీకు కావాల్సొచ్చిందట్రా?"

బాబాయి చెయ్యి పై గుండీ మీదికి పోయింది.

"నాకు విషయం అర్థమైంది" అన్నాడు టోపీ ఆయన. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నెత్తి మీద జుట్టు లేదు. "ఇది మీదే అని చెప్పి నేను మా నిర్మాతను ఒప్పించలేను. ఎవరిదని చెప్పినా ఒప్పించలేను, ఆల్రెడీ అందరిదీ అయిపోయింది. కానీ ఒక్క మాట. ఆ హాలు ఇంకా నిలబడే ఉందిగా? నేను నా మైకులు తెచ్చుకుంటాను. ఈమెనీ, ఈమెతో పాడేవాళ్ళనీ లోపల నిలబెట్టి నిజంగానే పాడిద్దాం. బుడగ అక్కర్లేదు, తొడుగు అక్కర్లేదు. ఆ పాటే పెట్టుకుంటాం సినిమాలో. స్టూడియో పని మీకే ఉంటుంది. అందరికీ బాగుంటుంది. ఒకసారి హాలు చూపించండి."

చప్పుళ్ళమ్మ బాబాయి వంక చూసింది. ఒప్పుకుంటాడనుకుంది. ఒప్పుకోడానికి ఇంతకంటే మంచి దారి ఏముంది? కానీ ఆయన కుర్చీ వీపు పట్టుకుని గట్టిగా నొక్కుతున్నాడు.

"చూడ్డానికి కుదరదు" అన్నాడు.

"వానలు పోయాక కదా పడగొట్టేది?" అంది ఆమె.

"ఇవాళ్టికి జరిపారు."

"ఎవరు జరిపారు?"

బాబాయి ఆమె వైపు చూడలేదు. స్పీకరు వైపు చూస్తూ చెప్పాడు. "నేనే మాట్లాడాను కంట్రాక్టరుతో. హాలు నిలబడి ఉన్నంతకాలం ఎవడో ఒకడు బుడగ పట్టుకుని పోతాడు. అది లేకపోతే ఉన్న రికార్డు ఒక్కటే. నువ్వు నీది తీసేస్తే నాది ఒక్కటే." కొంచెం ఆగి, "నువ్వు తీసేస్తావనే అనుకున్నాను" అన్నాడు.

మోతను దొంగిలించాడని చప్పుళ్ళమ్మ చెప్పులతో లోపలికొచ్చింది. ఈయన ఆ మోత పుట్టిన ఇంటికే నిప్పు పెట్టి కూర్చున్నాడు.

అత్త మాత్రం అరవలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. పైటకొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు ఇంతసేపు ఎందుకు పట్టిందనుకున్నావే?" అంది మేనకోడలితో. "మోకాళ్ళు నొప్పే, కాదనను. టీకొట్టు దగ్గర ఆగితే, పొడుగు చెయ్యి ఉన్న పచ్చ యంత్రం మిల్లు దారిన పోతోంది. అటు ఇంకేముంది పడగొట్టడానికి? మాతో పాడే దర్జీ ఆవిడ కొట్టు తెరిచే ఉంది. చెవిన వేశాను. ఆవిడ మిగతావాళ్ళకు చెబుతానంది."

"ఏం చెబుతానంది?"

"రిహార్సలు ఇవాళ నా ఇంట్లో కాదు, పాతచోటే అని."

బల్ల మీద బాబాయి ఫోను గుర్రుమంటూ అంచు దాకా పాక్కుంటూ వచ్చింది. ఆయన తీయలేదు. అత్తే తీసి, చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు గనుక, చప్పుళ్ళమ్మ చేతికిచ్చింది. ఆమె స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అయ్యా, ఇక్కడొక తలనొప్పి వచ్చి పడింది" అన్నాడు కంట్రాక్టరు. "ఎవరో ఆడవాళ్ళు హాల్లో దూరి లోపల గడియ పెట్టుకున్నారు. పిలిస్తే పలకరు. పాడుతున్నారు. కాపలావాడు ఏం చేయమంటారని అడుగుతున్నాడు. బెదిరిస్తే వాళ్ళే బయటికొస్తారు, మీరు ఊఁ అనండి."

ఆయన గొంతు వెనక పాట వినిపిస్తోంది. బుడగలోది కాదు. తొడిగింది కాదు. అసలుది.

"చెప్పరా తమ్ముడూ" అంది అత్త. "అడుగుతున్నాడుగా."

"ఏం చెప్పనక్కా?" అన్నాడు బాబాయి.

అవతల పాట చరణం చివరికొచ్చి ఆగింది. ఊపిరి తీసుకోడానికి ఆడవాళ్ళెప్పుడూ ఆగే చోటే అది. చప్పుళ్ళమ్మ తనకు తెలియకుండానే మోత కోసం చూసింది. కప్పు కింద పాకి, చివరి గోడ దాకా పోయి, తొందరేమీ లేకుండా వెనక్కి వచ్చే ఆ తోక కోసం.

రాలేదు. సగం దారిలో, పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టు, ఎటో పోయింది.

తల ఎత్తింది. బాబాయి ఆమెనే చూస్తున్నాడు. ఆయనకూ తెలిసింది. ఆ చెవులూ ఈ చెవులూ ఒకచోట తయారైనవే. అత్తకు అదేమీ వినపడలేదు. ఆమె ఇంకా తమ్ముడి జవాబు కోసమే చూస్తోంది. ఫోనులో ఆడవాళ్ళు తర్వాతి చరణం ఎత్తుకున్నారు, ముందుకంటే పెద్దగా.

చప్పుళ్ళమ్మ ఫోను మీదికి వంగింది. "హాల్లోకి ఎండ పడుతోందా?"

"ఏమిటమ్మా?"

"కిటికీలోంచి చూసి చెప్పు. లోపల నేల మీద ఎండ పడుతోందా?"

కాసేపు పాట తప్ప ఇంకేమీ లేదు. తర్వాత కంట్రాక్టరు గొంతు, ఇందాకటి ధీమా లేకుండా వచ్చింది.

"పడుతోందమ్మా. అటు చివర. మా డ్రైవరు వెనకనుంచి కప్పు మీద యంత్రం చెయ్యి వేసినట్టున్నాడు. లోపల మనుషులున్నారని వాడికి తెలియదు."

"ఆపమను" అని అరిచాడు బాబాయి. "యంత్రం ఆపమనవయ్యా వాణ్ణి."

"వాడు అవతలి వైపున్నాడయ్యా. ఈ రొదలో పిలిస్తే వినపడదు."

బాబాయి మెట్ల వైపు పరుగెత్తి, అక్కడ తన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అత్త గోడ పట్టుకుని ఆయన వెనకే నడుస్తోంది. టోపీ ఆయన బూట్ల తాళ్ళతో కుస్తీ పడుతున్నాడు.

ఆ స్టూడియోలో చెప్పులు కాళ్ళకు ఉన్నది ఒక్కతికే. అప్పటికే ఆమె వీధి మలుపు దాటిపోయింది.